రాణిగారి హాలు, గాంధీగారి మ్యూజియం

కృష్ణా డెల్టాలో మెయిన్ రోడ్డు దిగి ఊళ్లోకి తిరిగే చోట ఆర్చి లేని ఊరు తక్కువ. బెజవాడ నుంచి బందరు వెళ్లే దారిలో కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు చుట్టుపక్కల చూస్తూ పోండి, వరసగా తగులుతాయి. పైన ఊరి పేరు. దాని కింద స్వర్గీయ ఫలానా వారి జ్ఞాపకార్థం అని ఒక లైను. ఇంకా కింద కట్టించిన కొడుకులు, కోడళ్ల పేర్లు. అమెరికాలో ఉన్న కొడుకైతే ఆ ముక్క కూడా ఒక్కోసారి పెయింటుకెక్కుతుంది. బస్సెక్కినవాళ్లకి మాత్రం ఇదంతా అక్కర్లేదు. "ఆర్చి దగ్గర ఆపండి" అంటే కండక్టరుకి తెలుస్తుంది. ఎవరి జ్ఞాపకార్థం కట్టారో ఆ పెద్దాయన పేరు నాలుగేళ్లు తిరిగేసరికి ఎవరి నోటా వినపడదు. ఆర్చి మాత్రం ఉంటుంది. స్టాపు అవుతుంది, ఆటోలు ఆగే చోటు అవుతుంది, ఎన్నికలప్పుడు ఫ్లెక్సీలు కట్టుకునే గుంజ అవుతుంది.

ఊరి ఆర్చికి జరిగేదే మహానగరాల ఆర్చిలకీ జరుగుతుంది, కాస్త ఆర్భాటంగా. ఢిల్లీ ఇండియా గేటునే తీసుకోండి. మొదటి ప్రపంచ యుద్ధంలోనూ, ఆ తర్వాత ఆఫ్ఘన్ యుద్ధంలోనూ బ్రిటిష్ సైన్యం తరఫున చచ్చిపోయిన సిపాయిల కోసం 1921 ఫిబ్రవరి 10న కన్నాట్ డ్యూక్ దానికి పునాదిరాయి వేశాడు. పదేళ్లకి, 1931లో తెరిచారు. దాని వెనకున్న ఛత్రి కింద 1936లో ఐదో జార్జి విగ్రహం నిలబెట్టారు. 1968లో దాన్ని తీసేశారు. 1972లో ఆర్చి కింద అమర్ జవాన్ జ్యోతి వెలిగించి, సామ్రాజ్యపు యుద్ధానికి కట్టినదాన్ని మన యుద్ధానికి మార్చుకున్నాం. 2022 జనవరిలో ఆ జ్యోతిని పక్కనే కట్టిన కొత్త స్మారకంలో కలిపేశారు. అదే ఏడాది సెప్టెంబరులో, అర్ధశతాబ్దం పైగా ఖాళీగా ఉన్న ఛత్రి కింద నేతాజీ వచ్చాడు. రాళ్లు ఎడ్విన్ లుట్యెన్స్ పెట్టించినవే. వాటి కింద నిలబడే మనుషులే మారుతూ వచ్చారు.

బెజవాడకి అంతటి ఆర్చి లేదు. కానీ ఇండియా గేటు పడ్డ పాట్లన్నీ పడిన ఒక కట్టడం బందరు రోడ్డు మీద ఉంది. ఇప్పుడు దాని పేరు బాపు మ్యూజియం. పాతవాళ్లకి విక్టోరియా మ్యూజియం. కట్టినప్పటి పేరు విక్టోరియా జూబిలీ మ్యూజియం హాలు.

ముందే ఒక మాట చెప్పాలి. ఈ ఊళ్లో పేర్లు మార్చడం తేలిక, ఆ కొత్త పేరు జనం నోట పలికించడం కష్టం. బందరు రోడ్డు పేరు మహాత్మాగాంధీ రోడ్డు. ఏలూరు రోడ్డు పేరు ఏకంగా కార్ల్ మార్క్స్ రోడ్డు. దేశంలో ఇంకే ఊరికైనా రెండు ప్రధాన రహదారుల్లో ఒకటి గాంధీకి, ఇంకొకటి మార్క్స్‌కి రాసిచ్చే తెగువ ఉందో లేదో గానీ బెజవాడకి ఉంది. అయితే ఆటో ఎక్కి కార్ల్ మార్క్స్ రోడ్డుకి పోనీ అంటే డ్రైవరు మీ వంక ఒకసారి తిరిగి చూస్తాడు. లెనిన్ సెంటర్ మాత్రం జనం నోట నిలిచింది. పాత పుస్తకాల షాపుల పుణ్యం అది. విప్లవం చేసిందని కాదు, సెకండ్ హ్యాండ్ పుస్తకాలు అక్కడ దొరుకుతాయని లెనిన్ మనకి గుర్తున్నాడు.

జూబిలీ హాలు కథ 1887 జూన్ 27న మొదలవుతుంది. విక్టోరియా గద్దెనెక్కి యాభై ఏళ్లయిన సందర్భం. దీన్ని పట్టాభిషేక స్వర్ణోత్సవం అని రాయడం మనకి అలవాటైపోయింది గానీ, ఆమె సింహాసనానికి వచ్చింది 1837 జూన్ 20న, కిరీటం పెట్టింది మరుసటేడు జూన్ 28న. యాభై లెక్కపెట్టింది మొదటి తేదీ నుంచి. ఆ జూబిలీ గుర్తుగా సామ్రాజ్యం నలుమూలలా గడియార స్తంభాలు, టౌన్ హాళ్లు, ఆసుపత్రులు, విగ్రహాలు లేచాయి. బెజవాడ వంతుకి ఈ హాలు వచ్చింది. పునాదిరాయి వేసింది రాబర్ట్ సెవెల్.

అప్పటికి బెజవాడ ఎంత ఊరని? మునిసిపాలిటీ కూడా కాదు. 1888 ఏప్రిల్ 1న అయింది, అంటే రాయి వేసిన తొమ్మిది నెలలకి. 1901 జనాభా లెక్కల నాటికి కూడా 24 వేల పైచిలుకు జనం. జిల్లా అధికారం, కోర్టులు, చదువులు అన్నీ బందరులో. బెజవాడకి ఉన్నది కొండ మీద అమ్మవారు, కింద ఆనకట్ట, ఆనకట్ట నుంచి బయల్దేరే కాలవలు. రైలు, సినిమా, పుస్తకాల అచ్చు, రాజకీయం అన్నీ తర్వాత వచ్చాయి. అలాంటి ఊళ్లో ఊరికి మించిన హాలు కట్టారు. తెల్లవాళ్ల పద్ధతీ మన పద్ధతీ కలిపి కట్టిన భవనం. పారిశ్రామిక వస్తువుల ప్రదర్శనలు పెట్టడానికని ఉద్దేశించారు. మ్యూజియం అన్న మాటకి అప్పట్లో ఆ అర్థం కూడా ఉండేది. పాత వస్తువులు దాచే చోటే కాదు, కొత్త వస్తువులు చూపించే చోటు కూడా.

ఎవరి గుర్తుగా కట్టారన్న దగ్గర కొంచెం ఆగాలి. పదేళ్లు వెనక్కి వెళితే, 1877 జనవరి 1న ఢిల్లీలో లిట్టన్ వైస్రాయి పెద్ద దర్బారు పెట్టి విక్టోరియాను భారత సామ్రాజ్ఞిగా ప్రకటించాడు. సరిగ్గా అప్పుడే మద్రాసు ప్రెసిడెన్సీలో జనం పిట్టల్లా రాలిపోతున్నారు. మనవాళ్లు ధాత కరువు అని పిలిచింది దాన్నే. బళ్లారి, కర్నూలు, కడప, నెల్లూరు జిల్లాలు చితికిపోయాయి. కృష్ణా, గోదావరి డెల్టాల్లో అంత ఘోరం లేదు. కారణం కాలవలు. ఆ కాలవల వెనకున్న ఆర్థర్ కాటన్ ఆ తర్వాత ఇంగ్లండులో కూర్చుని రైళ్ల మీద పోసే డబ్బు కాలవల మీద పోసి ఉంటే ఈ చావులు ఉండేవి కావని వాదిస్తూనే ఉన్నాడు. ఆయన మాట అక్కడి పెద్దలకు రుచించలేదు. అంటే జూబిలీ హాలుకి పునాదిరాయి పడ్డ నేల, అదే రాణి పాలనలో అదే ప్రెసిడెన్సీలో లక్షలమంది చచ్చిపోతుంటే బతికిన నేల. బతికించింది 1855లో పూర్తయిన ఆనకట్ట. అది ఏ రాణి జ్ఞాపకార్థమూ కాదు. 1832-33 నందన కరువులో గుంటూరు సీమ సగం ఖాళీ అయిపోయాక, శిస్తు రాక, జనం లేక, ఇక తప్పక కట్టింది.

రాయి వేసిన సెవెల్ గురించి కూడా చెప్పాలి. ఎందుకంటే ఈ కథలో నాకు బాగా ఆసక్తి కలిగించే మనిషి ఆయనే. మన పాఠకుల్లో చాలామందికి ఆయన విజయనగరం చరిత్రకారుడిగా తెలుసు. 1900లో వచ్చిన ఆయన పుస్తకం, పేయస్, నూనిజ్ అనే పోర్చుగీసువాళ్ల రాతల్ని మొదటిసారి ఇంగ్లీషు పాఠకుల ముందు పెట్టింది. హంపి గురించి మనం ఈరోజు మాట్లాడే తీరులో సగం ఆ పుస్తకం నుంచి వచ్చిందే. అంతకు చాలా ముందు, 1877లో, ఆయన అమరావతి స్తూపం దగ్గర తవ్వకాలు చేశాడు. మద్రాసు ప్రెసిడెన్సీలో ఎక్కడెక్కడ ఏ పాత గుళ్లు, శాసనాలు ఉన్నాయో జాబితాలు వేశాడు. చైనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్ చూసిన ధాన్యకటకం అమరావతి కాదు, బెజవాడే అని 1880లో ఒక వ్యాసం కూడా రాశాడు. ఆ వాదన నిలబడలేదనుకోండి. కానీ ఈ కొండల మధ్య నిలబడి, ఊరి వంక అలా చూసిన మొదటి కలెక్టరు ఆయనేనేమో. మిగతావాళ్లు ఇక్కడ కంకర చూశారు, ఆనకట్టకి పనికొచ్చే రాయి చూశారు. ఈయన బౌద్ధ విహారాలు చూశాడు.

అమరావతి రాళ్ల సంగతి ఎత్తాం గనక, ఇంకో స్మారకం గురించి పక్కదారి పట్టి చెప్పేస్తాను. 1830లలో రాబర్ట్‌సన్ అనే దొర బందరులో కొత్త బజారు కట్టిస్తూ, దాని నడుమ ఒక దిబ్బ వేయించి, అమరావతి నుంచి తెప్పించిన శిల్పఫలకాలతో దాన్ని అలంకరించాడు. బుద్ధుడి జీవితఘట్టాలు బజారుకి సోకులయ్యాయి. ఆ రాళ్లు తర్వాత మద్రాసు చేరాయి. 1845లో వాల్టర్ ఎలియట్ తవ్వించినవి మద్రాసు మీదుగా లండన్ వెళ్లిపోయాయి. సెవెల్ తర్వాత బర్జెస్ వచ్చి చూసేసరికి స్తూపం ఉన్నచోట దాదాపు ఒట్టి గుంట. దిబ్బ పోయింది గానీ బందరులో రాబర్ట్‌సన్‌పేట పేరు ఇప్పటికీ ఉంది. రాళ్లు తరలించినవాడి పేరు నిలిచింది, చెక్కినవాళ్ల పేర్లు మనకి కావాలంటే మద్రాసు మ్యూజియంలోనో బ్రిటిష్ మ్యూజియంలోనో బ్రాహ్మీ అక్షరాలు కూడబలుక్కుని చదువుకోవాలి.

ఇక 1921. ఢిల్లీలో కన్నాట్ డ్యూక్ ఇండియా గేటుకి రాయి వేసిన సరిగ్గా ఏడు వారాలకి, మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో, అఖిల భారత కాంగ్రెస్ కమిటీ బెజవాడలో సమావేశమైంది. అయ్యదేవర కాళేశ్వరరావు లాంటి స్థానిక నాయకుల ఉత్సాహం, సహాయ నిరాకరణ వేడి, గాంధీని కళ్లారా చూడాలని డెల్టా నలుమూలల నుంచి కాలవల మీద పడవల్లో, బళ్లలో, నడిచి వచ్చిన జనం. ఆ సమావేశపు తీర్మానాలు దేశమంతా బెజవాడ కార్యక్రమం పేరుతో ప్రసిద్ధమయ్యాయి. జూన్ 30 లోపల తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, కాంగ్రెస్‌లో కోటి మంది సభ్యులు, ఊళ్లలో ఇరవై లక్షల రాట్నాలు. ఊరి పేరు మీద ఒక జాతీయ కార్యక్రమం ఉండటం అప్పటికి ఆంధ్రదేశంలో ఇంకే ఊరికీ దక్కని గౌరవం.

ఆ చారిత్రక సమావేశానికి వేదిక ఈ జూబిలీ హాలే అని ఊరు చెప్పుకుంటుంది, మ్యూజియం కూడా అదే చెబుతుంది. రాణి జూబిలీకి కట్టిన హాలు దగ్గర ఆమె మనవడి ప్రభుత్వానికి సహకరించకూడదని కోటి రూపాయలు పోగుచేసే లెక్క వేయడం, వినడానికే బాగుంది. అయితే ఈ భవనానికి బాపు పేరు రావడానికి కారణం ఆ తీర్మానాలు కావు. జెండా. పింగళి వెంకయ్య ఇక్కడే గాంధీ చేతికి జాతీయ జెండా ఇచ్చాడని మనందరం చదువుకున్నాం. ఇక్కడే కథ కొంచెం నిదానంగా చదవాలి. ఎందుకంటే గాంధీ స్వయంగా రాసింది మన పాఠ్యపుస్తకాల కంటే ఆసక్తిగా ఉంటుంది.

వెంకయ్యది మొవ్వ దగ్గర భట్లపెనుమర్రు. బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో పనిచేశాడు. ఆయనకి ఊళ్లో ఎన్ని పేర్లో. పత్తి మీద పరిశోధన చేసి పత్తి వెంకయ్య, జపాను భాష నేర్చి జపాన్ వెంకయ్య, వజ్రాల సంగతులు తెలిసి డైమండ్ వెంకయ్య, చివరికి జెండా వెంకయ్య. 1916లోనే ఇతర దేశాల జెండాల వివరాలతో, మన జెండాకి నమూనాలతో ఒక ఇంగ్లీషు పుస్తకం అచ్చువేశాడు. ఆ తర్వాత ఏ కాంగ్రెస్ సభ జరిగినా వెళ్లడం, కనపడ్డ నాయకుడికల్లా జెండా గురించి చెప్పడం. 1921 ఏప్రిల్ 13న యంగ్ ఇండియాలో గాంధీ ఇదంతా ఒప్పుకున్నాడు. వెంకయ్య పట్టుదల తనకి నచ్చినా, ఆ నమూనాల్లో జాతిని కదిలించేది ఏదీ తనకి కనిపించలేదన్నాడు. జలంధరుకు చెందిన లాలా హంసరాజ్ జెండా మీద రాట్నం ఉండాలని సూచించాక గానీ తనకి ఆసక్తి పుట్టలేదట. అప్పుడు బెజవాడలో వెంకయ్యను పిలిచి, ఎరుపు, ఆకుపచ్చ రంగుల మీద రాట్నంతో ఒక నమూనా వేసిమ్మని అడిగాడు. వెంకయ్య మూడు గంటల్లో వేసిచ్చాడు.

ఆ మూడు గంటలు ఆలస్యమయ్యాయి. కమిటీ ముందు పెట్టడానికి సమయం దాటిపోయింది. అంటే బెజవాడ సమావేశం జెండాని ఆమోదించలేదు, అసలు చూడనేలేదు. అలా కావడం మంచిదే అయిందని గాంధీయే రాశాడు. తీరిగ్గా ఆలోచిస్తే ఎరుపు హిందువులకి, ఆకుపచ్చ ముస్లిములకి అయితే మిగతా మతాలవాళ్ల మాటేమిటని తోచి, తెలుపు కూడా చేర్చాలనుకున్నాడు. మనకి తెలిసిన మూడు రంగుల ఆలోచన వచ్చింది ఆ ఆలస్యంలోంచే. అధికారికంగా కాంగ్రెస్ జెండా స్థిరపడటానికి 1931 దాకా, రాట్నం స్థానంలో అశోకచక్రంతో అది దేశపు జెండా కావడానికి 1947 జులై 22 దాకా ఆగాలి.

ఇది వెంకయ్యను తక్కువ చేయడానికి చెప్పడం లేదు. నాకైతే తిరగేసి అనిపిస్తుంది. ఐదేళ్లు ఎవరూ పట్టించుకోని పని పట్టుకు వేలాడి, అవకాశం వచ్చిన రోజున మూడు గంటల్లో చేసిపెట్టి, అది కూడా సమయానికి అందక ఊరుకున్న మనిషి, పాఠ్యపుస్తకంలోని వెంకయ్య కంటే ఎక్కువ మనవాడు. పాఠ్యపుస్తకంలో ఒక మహానుభావుడు ఇంకో మహానుభావుడికి జెండా అందిస్తాడు, ఫోటో దిగినట్టు. అసలు కథలో ఒక కళాశాల మాస్టారు చెమటలు కక్కుకుంటూ రంగులు దిద్దుతుంటాడు, అవతల సమావేశం ముగిసిపోతుంటుంది.

స్వరాజ్యం వచ్చాక రాణి హాలుని ఏం చేయాలి? కూల్చలేదు, అది మెచ్చుకోవాల్సిన సంగతే. 1962లో పురావస్తు శాఖ తీసుకుని నిజంగానే మ్యూజియం చేసింది. పనిముట్లూ పరిశ్రమల వస్తువులూ చూపించడానికి కట్టినచోట శిల్పాలు, నాణేలు, కత్తులు, శాసనాలు చేరాయి. అల్లూరు నుంచి తెచ్చిన, మూడు నాలుగు శతాబ్దాల నాటి తెల్ల సున్నపురాయి బుద్ధుడు నిలబడ్డాడు. అమరావతి రాళ్లు పొలిమేర దాటిపోవడాన్ని చూసిన సెవెల్, బతికుండగా ఇది చూస్తే సంతోషించేవాడేమో. తాను రాయి వేసిన భవనానికే ఒక బుద్ధుడు మిగిలాడు.

మరుసటేడే, 1963 జులై 4న, పింగళి వెంకయ్య చనిపోయాడు. ఇదే ఊళ్లో. బీదరికంలో. చివరి రోజులు చిట్టినగర్‌లో ఒక పూరింట్లో గడిచాయి. ఈ రెండు తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. బెజవాడ తన జూబిలీ హాలుని మ్యూజియంగా మార్చుకుని, రెండు వేల ఏళ్ల నాటి వస్తువులకి పీఠాలు కట్టిస్తున్న రోజుల్లో, ఆ హాలుకి తర్వాత పేరు తెచ్చిపెట్టే మనిషి నాలుగు వీధుల అవతల బతికే ఉన్నాడు. ఆయన్ని పిలిచి, 1921లో ఏం జరిగింది మాస్టారూ, ఆ రంగులు ఎక్కడ కూర్చుని వేశారు, గుడ్డ ఎక్కడ దొరికింది అని కూర్చోబెట్టి అడగడానికి చేతిలో ఇంకా కొంత సమయం ఉంది. వెంకయ్య పోస్టల్ స్టాంపు మీదకి ఎక్కింది 2009లో. చనిపోయిన నలభై ఆరేళ్లకి.

నగరం వెంకయ్యని మరిచిందే గానీ గాంధీని ఎప్పుడూ మరవలేదు. కాలవల మీదుగా ఊరిని చూస్తున్నట్టుండే ఓర్ కొండ కథ వినండి. ఆనకట్ట పని చేయించిన కెప్టెన్ ఓర్ పేరు మీద ఆ కొండకి ఆ పేరు. కాటన్ ప్లాను వేస్తే, ఎండలో నిలబడి కట్టించింది ఓర్. 1968 అక్టోబరు 6న రాష్ట్రపతి జాకీర్ హుసేన్ వచ్చి ఆ కొండ మీద 52 అడుగుల గాంధీ స్తూపాన్ని ఆవిష్కరించాడు. ఓర్ కొండ గాంధీ కొండ అయింది. తర్వాత గ్రంథాలయం, నక్షత్రశాల, పిల్లల రైలు వచ్చాయి. ఢిల్లీలో ఐదో జార్జిని ఛత్రి కింద నుంచి దించిందీ ఆ ఏడాదే. గాంధీ శతజయంతి ముందర దేశమంతా అలా ఒకళ్లని దించి ఒకళ్లని ఎక్కిస్తోంది. కాటన్ విగ్రహాలు డెల్టాలో ఇప్పటికీ పూలదండలు వేయించుకుంటున్నాయి. ఓర్ పేరు చెబితే మాత్రం ఎవరాయన అంటారు.

ఆనకట్టకి కూడా అదే గతి. 1952లో గండి పడి, పనికిరాకుండా పోయింది. దానికి ఎగువన కొత్త బ్యారేజీ 1954లో మొదలై 1957 చివర్లో పూర్తయింది. ఆ ఏడాది మే 20న టంగుటూరి ప్రకాశం చనిపోయారు. బ్యారేజీకి ఆయన పేరు పెట్టారు. బెజవాడ పేర్లలో అతికినట్టు సరిపోయిన పేరు ఇదొక్కటే అని నా అభిప్రాయం. జనం కూడా ప్రకాశం బ్యారేజీ అనే అంటారు, ఇంకో పేరుతో పిలవగా వినలేదు. పేరు పాత కట్టడం మీద అతికించలేదు, కొత్తదానితో పాటే పుట్టింది కాబట్టేమో. 2024 సెప్టెంబరు 2న ఆ 70 గేట్ల మీదుగా 11.43 లక్షల క్యూసెక్కుల నీళ్లు వెళ్లాయి. అంత వరద దాని జన్మలో చూడలేదు. ఎగువ నుంచి కొట్టుకొచ్చిన పడవలు గేట్లకి కొట్టుకున్నాయి. ఊరు మునిగింది మాత్రం కృష్ణ వల్ల కాదు, బుడమేరు వల్ల. బుడమేరుకి స్మారకాలూ విగ్రహాలూ ఏమీ లేవు. అది ఎటు పారేదో గుర్తుపెట్టుకున్నవాళ్లు కూడా లేకపోబట్టే దాని దారిలో సింగ్‌నగర్ లేచింది.

మళ్లీ మ్యూజియానికి. కొన్నేళ్లు మూతపడి, మరమ్మతులయ్యాక 2020 అక్టోబరు 1న, గాంధీ జయంతికి ఒకరోజు ముందు, అప్పటి ముఖ్యమంత్రి జగన్‌మోహన్ రెడ్డి దాన్ని బాపు మ్యూజియంగా తెరిచారు. బాగు చేసిన తీరు బాగుంది, దానికి పేచీ లేదు. పేరు దగ్గరే నాకు పేచీ. విక్టోరియా పేరు తీసేయడం తప్పని కాదు. ధాత కరువు గుర్తున్నవాళ్లకి ఆ పేరు మీద బెంగ ఎందుకు? కానీ గాంధీకి బెజవాడలో అప్పటికే ఒక రోడ్డు ఉంది, ఒక కొండ ఉంది, ఒక నగర్ ఉంది. నాలుగోది ఇవ్వడం వల్ల గాంధీకి ఒరిగిందేమీ లేదు. ఆ భవనానికి మాత్రం తన ప్రత్యేకత పోయింది. దేశంలో గాంధీ పేరున్న వేల భవనాల్లో అదొకటయింది. వెంకయ్య మ్యూజియం అని ఉంటే బయటి ఊరివాడు ఎవరైనా ఎవరీ వెంకయ్య అని అడిగేవాడు. అడిగితే మూడు గంటల కథ చెప్పాల్సి వచ్చేది. బాపు అంటే ఎవరూ ఏమీ అడగరు.

ఈ మాట అంటే కొందరు స్నేహితులు నాతో వాదిస్తారు. జెండా కథని కాపాడింది గాంధీ రాసిన ఆ ఒక్క వ్యాసమే కదా, ఆయన పేరు లేకపోతే ఈ హాలుని ఎప్పుడో షాపింగ్ కాంప్లెక్స్ చేసేసేవాళ్లు అంటారు. బందరు రోడ్డు మీద సెంటు భూమి ధర తెలిసినవాళ్లెవరూ ఆ వాదనని తేలిగ్గా కొట్టిపారేయలేరు. మహాత్ముడి పేరు ఒక్కోసారి కాంపౌండు గోడలా పనికొస్తుంది, నిజమే. అయినా లోపల ఏముందో చెప్పడానికి గోడ చాలదు.

ఈ మధ్య ఈ పేర్ల ఆట మరీ వేగంగా నడుస్తోంది. 1986లో పెట్టిన ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయాన్ని 2022లో వైఎస్సార్ పేరుకి మార్చారు, 2024లో మళ్లీ ఎన్టీఆర్ అయింది. అంటే ఒకే బ్యాచ్ వాళ్లు చేరిన యూనివర్సిటీ ఒకటి, మధ్యలో చదివింది ఇంకొకటి, పట్టా పుచ్చుకున్నది మళ్లీ మొదటిది. అదే బందరు రోడ్డు మీది పీడబ్ల్యూడీ గ్రౌండ్స్ స్వరాజ్ మైదానం అయ్యాయి. ఇప్పుడు అక్కడ 81 అడుగుల పీఠం మీద 125 అడుగుల అంబేద్కర్ ఉన్నారు, 2024 జనవరి 19న ఆవిష్కరించారు. ఆ ఆగస్టులోనే అక్కడి ఫలకం మీద ఆవిష్కరించిన ముఖ్యమంత్రి పేరు అక్షరాల్ని పీకేశారు. పీకింది ఎవరన్న దాని మీద పార్టీల మధ్య పెద్ద గొడవ. 206 అడుగుల ఎత్తున నిలబడ్డ మనిషి ఏం రాశాడన్నది ఆ గొడవలో ఎవరికీ పట్టలేదు. విగ్రహం కంటే ఆవిష్కరించినవాడి పేరే ముఖ్యమైపోవడం కొత్తేమీ కాదు. కన్నాట్ డ్యూక్ పేరు కూడా అలాగే చెక్కించుకున్నాడు.

జూబిలీ హాలు 1887లో కృష్ణా జిల్లాలో మొదలైంది. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాక అది ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చింది. కృష్ణా జిల్లా అన్న పేరు బందరుకే పోయింది. రాణి, కలెక్టరు, మహాత్ముడు, నటుడు. నూట ముప్పై అయిదేళ్లలో ఒకే భవనం చిరునామాలోకి ఇంతమంది వచ్చారు.

వీలైతే ఒకసారి వెళ్లి చూడండి. శుక్రవారం వెళ్లకండి, మూసి ఉండొచ్చు, ముందే కనుక్కోండి. అల్లూరు బుద్ధుడి దగ్గర కాసేపు నిలబడండి. తర్వాత బయటికొచ్చి ఆ పాత భవనం చుట్టూ ఒకసారి తిరగండి. నన్నడిగితే అక్కడ ఒక బోర్డు పెట్టాలి, ఆవిష్కరించిన మంత్రుల పేర్లు లేకుండా. రాణి జూబిలీకి ఇది కట్టారనీ, ఆమెని సామ్రాజ్ఞి అన్న రోజుల్లో రాయలసీమలో జనం ఆకలితో చచ్చిపోయారనీ, రాయి వేసిన దొర బుద్ధుడి రాళ్ల మీద మోజున్న మనిషనీ, 1921 ఏప్రిల్‌లో బందరు మాస్టారు ఒకాయన ఈ ఊళ్లో మూడు గంటల్లో జెండా గీశాడనీ, అది సమావేశానికి ఆలస్యమైందనీ, ఆయన 1963లో ఈ ఊళ్లోనే బీదగా పోయాడనీ. తెలుగులో, పెద్ద అక్షరాలతో, పదో క్లాసు పిల్లలు నిలబడి చదువుకోగలిగే ఎత్తులో. పైన పేరు ఎవరిదైనా ఉండనివ్వండి.